రాతి పడవ ఆగిన ఊరు

అక్టోబర్ 10, 2024. లీరెస్

ఈ దారిలో బాణాలకు రెండు తలలు. మిగతా కమీనో యాత్ర అంతటా పసుపుపచ్చ బాణం ఒక్కవైపే చూపిస్తుంది, సాంతియాగో వైపు. ఫిస్తెర్రాకూ ముషీయాకూ మధ్య మాత్రం ఒకే రాయి మీద రెండు బాణాలు, ఒకదాని పక్కన ఎఫ్, ఇంకోదాని పక్కన ఎం. అటు పోయేవాళ్ళూ ఇటు పోయేవాళ్ళూ ఎదురెదురు పడతారు. 'బ్వెన్ కమీనో', శుభయాత్ర, అని చెప్పుకుని, పాపం వీళ్ళు దారి తప్పారేమో అన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని సాగిపోతారు.

స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తేలా పెద్ద చర్చిలో అపొస్తలుడు యాకోబు సమాధి ఉందని నమ్మకం. 2023లో నాలుగు లక్షల నలభై ఆరు వేల మంది నడిచో, సైకిల్ తొక్కో అక్కడికి చేరి యాత్రాపత్రం తీసుకున్నారు. చర్చి లెక్కలో యాత్ర అక్కడితో సరి. అయినా కొందరి కాళ్ళు ఆగవు. ఇంకో తొంభై కిలోమీటర్లు పడమరకు నడిచి సముద్రం అడ్డొచ్చేదాకా పోతారు. ఎక్కువమంది ఫిస్తెర్రా వెళతారు. రోమన్ల కాలంలో భూమి అక్కడితో ఆఖరు అనుకునేవారట. అక్కడి లైట్‌హౌస్ దగ్గర సున్నా కిలోమీటరు రాయి ఉంది. దాని పక్కన ఫొటోకి వరసలో నిలబడాలి. నేనూ మా బావా నిలబడ్డాం. బూట్లు, బట్టలు తగలబెట్టే ఆచారం ఒకటి ఉండేది. ఇప్పుడు వద్దని బోర్డులు పెట్టారు, అయినా రాళ్ళ సందుల్లో మసి కనిపించింది.

లీరెస్ ఫిస్తెర్రాకూ ముషీయాకూ మధ్య సగం దారి. వాగు మీద ఇప్పుడు చిన్న వంతెన ఉంది. దాని పక్కనే, ఒకప్పుడు జనం కాలు పెట్టి దాటిన రాతి దిమ్మలు నీళ్ళలో ఇంకా అలాగే ఉన్నాయి. ఇక్కడి బార్‌లో కాఫీ తాగి యాత్రా పుస్తకంలో ముద్ర వేయించుకున్నాం. ఈ ముద్ర చూపిస్తేగానీ ముషీయాలో పత్రం ఇవ్వరు. బస్సెక్కి వచ్చి నడిచామని చెప్పే భక్తులు అన్ని దేశాల్లోనూ ఉంటారు కాబోలు.

బావ నడుం పట్టుకుని కూర్చున్నారు. "ఇంకెంత దూరంరా?" అంటే "సగం అయింది బావా" అన్నాను. "సగం అయింది అనకు, సగం ఉంది అను. అబద్ధం లేకుండా ఉంటుంది" అన్నారు.

అక్టోబర్ 11. ముషీయా

అందమైన ఊరు కాదు. ఈ మాట ముందే రాసుకోవడం మంచిది. 1809లో నెపోలియన్ సేనలు ఊరిని తగలబెట్టాయి, అందువల్ల పాతది తక్కువ. మిగిలినది అరవైల తరవాత ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకున్న మూడు నాలుగు అంతస్తుల ఇళ్ళు. కొన్నిటికి ముందువైపు సున్నం ఉంటుంది, పక్కగోడలకు ఉండదు. బార్‌లో కలిసిన ఒక ముసలాయన స్విట్జర్లాండ్‌లో ముప్పై ఏళ్ళకు పైగా తాపీపని చేసొచ్చాడట. ఈ తీరంలో సగం ఇళ్ళు స్విస్ డబ్బుతో లేచినవేనన్నాడు. ఊరికి ఏటా డబ్బు పంపి ఒక్కో అంతస్తు కట్టించాడు, పైఅంతస్తు పూర్తయ్యేసరికి పిల్లలు జ్యూరిక్‌లోనే స్థిరపడ్డారు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఊరి నుంచి వచ్చినవాణ్ణి, నాకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఊరు ఒక సన్నటి భూనాసిక మీద ఉంది. ఒకవైపు రేవు, ప్రశాంతంగా. రెండోవైపు అట్లాంటిక్. మధ్యలో కొర్పీన్యో గుట్ట. రేవు వైపు నుంచి వీధి మలుపు తిరిగి చివరికి పోతే గాలి మొహం మీద కొడుతుంది. స్పెయిన్ వాయవ్య మూలనున్న ఈ గలీసియాలో ఈ తీరాన్ని కోస్తా ద మోర్తె, మృత్యుతీరం, అంటారు.

పొద్దున్న ఎనిమిదైనా చీకటే. స్పెయిన్ 1940లో, ఫ్రాంకో హయాంలో, గడియారాన్ని జర్మనీతో కలుపుకుంది. మళ్ళీ మార్చలేదు. అందుకే యూరప్ పడమటి అంచున ఉన్న ఈ ఊళ్ళో సూర్యుడు ఎప్పుడూ ఆలస్యమే.

అక్టోబర్ 12

ఇంట్లో దసరా. ఇక్కడా సెలవే, స్పెయిన్ జాతీయ దినం. షాపులు మూసి ఉన్నాయి. బేకరీ ఒకటి తెరిచి ఉంటే బాదం కేకు కొని, అదే నైవేద్యం అనుకున్నాం.

ఊరి చివర, అలలు వచ్చి తగిలేంత దగ్గర్లో విర్షె ద బర్కా గుడి. పడవ మాత గుడి. ముందే చర్చి అని రాయాలేమో, చేయి గుడి అనే రాసింది. కథ ఇది: యాకోబు ఇక్కడి జనానికి బోధ చేసీ చేసీ, ఎవరూ వినకపోతే నీరసించి ఈ రాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడు మరియ మాత రాతి పడవలో సముద్రం మీద వచ్చి ధైర్యం చెప్పి వెళ్ళింది. పడవ ముక్కలు ఇక్కడే ఉండిపోయాయి. పడవ అడుగు ఒక రాయి, తెరచాప ఒకటి, చుక్కాని ఒకటి. క్రైస్తవం రాకముందు నుంచే ఈ రాళ్ళకు మొక్కులు ఉండేవనీ, కథ తరవాత వచ్చి చేరిందనీ పండితులంటారు. రాళ్ళను చూస్తే పండితులే కరెక్టు అనిపిస్తుంది.

బావకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. "రాయి నీళ్ళ మీద తేలడం మనకు కొత్తా? వారధి కట్టినవాళ్ళం" అని ఒక్కమాటలో తేల్చేశారు.

అడుగు రాయి పేరు పెద్ర దె అబాలార్, ఊగే రాయి. ఇల్లంత పలక. ఒకప్పుడు పదిమంది ఎక్కి నిలబడితే ఊగేది, చప్పుడు చేసేది. పాపం చేసినవాడు ఎక్కితే ఊగదని చెప్పుకునేవారు. ఒక తుఫానుకి అది పక్కకు జరిగి ముక్క విరిగింది. అతికించారు. పాతలా ఇప్పుడు ఊగదట. మేం ఎక్కినా ఊగలేదు. ఇద్దరం కారణం గురించి మాట్లాడుకోలేదు.

తెరచాప రాయి పేరు పెద్ర దోస్ కద్రీస్. మూత్రపిండం ఆకారంలో వంగి, కింద చిన్న సొరంగంలాంటి ఖాళీ. నడుంనొప్పి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు దాని కింద నుంచి తొమ్మిదిసార్లు దూరాలి.

"తొమ్మిదా?" అన్నారు బావ.

"తొమ్మిదే."

"నువ్వు లెక్కపెట్టు. తప్పు పెట్టావంటే మీ అక్కకి చెబుతా."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు, రెయిన్‌కోటు తీసి నా చేతిలో పెట్టి బోర్లా పాకారు. నాలుగోసారికి మోకాళ్ళు బురద. ఆరోసారికి ఒక డచ్చి జంట ఆగి చూస్తున్నారు. రాయి లోపలివైపు ఎన్ని వందల ఏళ్ళ వీపులు రాసుకున్నాయో, తలుపు గడపలా నున్నగా ఉంది. ఎనిమిదికి ఆగి, ఊపిరి తీసుకుని, "నొప్పి ఉన్నవాడు తొమ్మిదిసార్లు దూరగలిగితే వాడికి నొప్పి లేనట్టే కదరా. పరీక్షా మందూ ఒకటే" అని మళ్ళీ దూరారు.

రాత్రి అక్క ఫోను. "మీ బావని రాళ్ళ కింద దూర్చావట, నీకు బుద్ధుందా?" ఫోను బావకిచ్చాను.

అక్టోబర్ 13, ఆదివారం

ప్రార్థనకి పాతికమంది ఉంటారు, అందులో సగం యాత్రికులు. గోడలు కొత్తగా, బోసిగా ఉన్నాయి. 2013 డిసెంబర్ 25 పొద్దున్న, క్రిస్మస్ నాడు, తుఫాను మధ్యలో గుడి అంటుకుంది. పిడుగన్నారు. పైకప్పు కూలింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మిగెల్ దె రొమాయ్ చెక్కిన బరోక్ చెక్క పీఠం, బలిపీఠం వెనక నేల నుంచి కప్పు దాకా ఉండేది, మొత్తం కాలిపోయింది. గోడలు నిలిచాయి. రెండేళ్ళలోపే కప్పు వేసి మళ్ళీ తలుపులు తెరిచారు. కాలిపోయిన పీఠం చోట దాని ఫొటోనే పెద్ద గుడ్డ మీద అచ్చువేసి కట్టారు. నాకది నచ్చింది. కొత్తది చెక్కించి పాతదే అని చెప్పుకునేకంటే, పోయినదాని బొమ్మ పెట్టుకోవడం నిజాయితీ.

నా పక్కన కూర్చున్న అమ్మమ్మ వయసామె ప్రార్థన అయ్యాక గోడ వైపు చూపించి, అగ్గి పడిన రోజున తాను కిటికీలోంచి పొగ చూశానని చెప్పింది. నా స్పానిష్ అంతంతమాత్రం, ఆమె మాట్లాడింది గలీసియా భాష. సగం చేతులతో చెప్పింది. పొగ ఎత్తు, గాలి వాటం, చివరికి రెండు చేతులూ దులుపుకుంది. అయిపోయింది అన్నట్టు కాదు. పని మొదలుపెట్టేటప్పుడు దులుపుకుంటారే, అలా.

గుడి పైన వాలులో ఒక రాతి స్మారకం ఉంది. పదకొండు మీటర్ల ఎత్తు, నాలుగు వందల టన్నుల బరువు, నిలువునా చీలిన గ్రానైట్ బండ. శిల్పి అల్బెర్తో బన్యువేలోస్. పేరు 'అ ఫెరీదా', గాయం. 2003లో నిలబెట్టారు. ప్రెస్టీజ్ ఓడకు గుర్తు.

ఆ కథ కొంచెం వివరంగా రాసుకోవాలి. 2002 నవంబర్ 13న, ఈ తీరానికి ఎదురుగా తుఫానులో ఒక ట్యాంకరు ఒరిగింది. 1976లో కట్టిన ఒంటి పొర ఓడ. బహామాస్ జెండా, లైబీరియా యజమాని, గ్రీకు కెప్టెన్, కడుపులో 77 వేల టన్నుల మడ్డి నూనె. దగ్గర్లో ఏదో ఒక రేవులోకి లాక్కొచ్చి అక్కడే నూనె తోడేస్తే ఒక్క రేవే పాడయ్యేది. ప్రభుత్వం దాన్ని నడిసముద్రంలోకి లాక్కుపోమంది. ఆరు రోజులు అటూ ఇటూ తిప్పారు. 19న రెండు ముక్కలై మునిగింది. నూనెలో చాలా భాగం సముద్రం పాలయింది. దాన్ని అలలు పోర్చుగల్ సరిహద్దు నుంచి ఫ్రాన్స్ దాకా పంచిపెట్టాయి. అయితే ఆ నల్లటి పొర మొదట ఒడ్డెక్కిన చోట్లలో ఈ గుడి ముందు రాళ్ళు ఒకటి. ఇక్కడి జనం దాన్ని చపపోతె అంటారు. నీళ్ళ మీద తేలే తారు కాదు, ముద్ద. పారతో ఎత్తేది, చేత్తో గీకేది.

మొదటి రోజుల్లో యంత్రాలు లేవు, రక్షణ దుస్తులు లేవు. జాలర్లు వాళ్ళ వలలూ, బకెట్లూ, చేతులూ వాడారు. తరవాత దేశం నలుమూలల నుంచి కుర్రాళ్ళు వేలకు వేలు వచ్చి తెల్ల ఓవరాల్స్ వేసుకుని రాళ్ళను ఒక్కొక్కటిగా తుడిచారు. చేపలు పట్టడం ఆపేశారు. 'నుంక మైస్', ఇంకెప్పుడూ వద్దు, అని గలీసియా అంతా వీధుల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ మరుసటి ఏడాదే, ఒంటి పొర ట్యాంకర్లు మడ్డి నూనె తేకూడదని నిషేధించింది. కోర్టు మాత్రం తన తీరికలో తాను నడిచింది. 2013లో పర్యావరణ నేరంలో అందరూ నిర్దోషులని తీర్పు, 2016లో సుప్రీంకోర్టు దాన్ని తిప్పి కెప్టెన్‌కి రెండేళ్ళ శిక్ష వేసింది. ఓడను లాక్కుపొమ్మన్నవాళ్ళలో ఎవరికీ శిక్ష లేదు.

పరిహారంగా ముషీయాకు ప్రభుత్వం పెద్ద హోటల్ ఇస్తానంది, ప్రభుత్వ పారడోర్ హోటళ్ళ వరసలో ఒకటి. అది తెరుచుకున్నది 2020లో. ఊరికి ఓ కిలోమీటరు దూరంలో, కొండ వాలులో మెట్లుమెట్లుగా ఉంది. గది అద్దె మా యాత్రికుల సత్రం కన్నా ఎన్నో రెట్లు. చూసి వచ్చేశాం.

స్మారకం నాకు అంతగా నచ్చలేదు. బండ పెద్దది, మాట పెద్దది. దాని కిందనే, అలలు తగిలే రాళ్ళ పగుళ్ళలో చూస్తే ఒకచోట నల్లగా గట్టిపడి ఏదో ఉంది. నాచో, తారో తేలలేదు. గోటితో గీకి చూశాను. నాచే.

అక్టోబర్ 14

వాన. నిలువుగా పడదు, అడ్డంగా వస్తుంది. గొడుగులు ఇక్కడ ఎవరి దగ్గరా లేవు, ఎందుకో ఐదు నిమిషాల్లో తెలిసింది.

గుడికి పోయే దారి దగ్గర, రాళ్ళ మీద కర్రలతో కట్టిన పందిళ్ళు. సెకదైరో అంటారు. కోంగ్రియోను ఆరబెట్టడానికి. కోంగ్రియో అంటే మనిషి పొడవు దాకా పెరిగే సముద్రపు మలుగుపాము. ఇవాళ పందిళ్ళు ఖాళీ. వానకి సరుకు లోపల పెట్టేశారు. ఒకాయన షెడ్డు తలుపు తెరిచి చూపించాడు. చేపను పొట్ట వైపు నుంచి చీల్చి, తల తీసి, పరిచి, ఒళ్ళంతా కత్తితో వరసగా గాట్లు పెడతారు. చివరికి అది చేపలా ఉండదు, జల్లెడలా, వలలా ఉంటుంది. గాట్లు లేకపోతే ఆ మందానికి లోపల ఎండదు. ఎండ కన్నా ఈశాన్యం గాలి ముఖ్యమట. చల్లగా, పొడిగా వీచే గాలి రోజులు చూసి పందిరికి ఎక్కిస్తారు.

ఇక్కడెవరూ పెద్దగా తినరు. సరుకంతా కలతాయుద్‌కి పోతుంది. కలతాయుద్ ఎక్కడుందో మ్యాపులో చూస్తే మతిపోయింది. స్పెయిన్ రెండో కొసన, అరగోన్‌లో, సముద్రం వాసన కూడా తగలనంత లోపల. అక్కడ జనపనార తాళ్ళు పేనేవాళ్ళు. తాళ్ళు అటు నుంచి ఇక్కడి రేవులకు వచ్చేవి, వెనక్కి పోయే బండ్లలో ఎండు కోంగ్రియో పోయేది. తాళ్ళ పరిశ్రమ పోయింది, నైలాన్ వచ్చింది. కలతాయుద్ వాళ్ళకు రుచి మిగిలింది. శనగలతో వండుతారు. తీరంలో ఈ పందిళ్ళు ఇంకా మిగిలినవి కొన్నే. అంటే ఎక్కడో ఎండు భూముల్లో ఒక ఊరు శుక్రవారం పూట శనగల కూర మానేస్తే ఇక్కడ పందిరి పడిపోతుంది.

షెడ్డు వాసన నాకు కొత్త కాదు. బావ మాత్రం బయటే నిలబడ్డారు. శాకాహారి. యాత్ర మొదలైన దగ్గర్నుంచి రొట్టె, ఆమ్లెట్, పద్రోన్ మిరపకాయల వేపుడుతో నెట్టుకొస్తున్నారు.

అక్టోబర్ 15

బే అవతల కమరీన్యాస్. ముషీయా ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది, రోడ్డు మీద పోవాలంటే చుట్టూ తిరగాలి.

అక్కడ ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఒళ్ళో పొడవాటి దిండు, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట, చిల్లుల్లో గుండుసూదులు. దారాల చివర చిన్న చిన్న చెక్క కదుళ్ళు, కొన్ని డజన్లు. రెండు చేతులా వాటిని అటూ ఇటూ విసురుతుంటే వాన రేకు మీద పడ్డట్టు టకటక. ఒకామె వేళ్ళను చూస్తూ ఏ కదురు ఎటు పోతోందో పట్టుకుందామని ప్రయత్నించాను. రెండు దాటించి, రెండు మెలిపెట్టి, సూది గుచ్చి. అంతే తెలిసింది, ఆ పైన చూపు అందలేదు. నరసాపురం చుట్టుపక్కల మన ఆడవాళ్ళు అల్లేది ఒక్క కొక్కెంతో, క్రోషే. అక్కడ మిషనరీలు నేర్పారు, ఇక్కడ ఎవరు నేర్పారో తలో కథ చెబుతారు. రెండు చోట్లా మగవాళ్ళ రాబడి కుదురు లేనిది, ఇంటి అరుగు మీద ఆడవాళ్ళ చేతిపని నెలకింత అని తెచ్చేది. రెండు చోట్లా మీటరుకి ఇచ్చే డబ్బూ, కొట్లో ధరా పక్కపక్కన పెట్టి చూడకూడదు.

మధ్యాహ్నం టాక్సీలో విలాన్ లైట్‌హౌస్. స్పెయిన్‌లో కరెంటుతో వెలిగిన మొదటి దీపం, 1896. అది ఊరికే రాలేదు. 1890 నవంబర్ 10 రాత్రి సర్పెంట్ అనే బ్రిటిష్ నౌకాదళ ఓడ ఇక్కడి రాళ్ళకు కొట్టుకుంది. 170 మందికి పైగా పోయారు, బతికింది ముగ్గురు. ఒడ్డుకొచ్చిన శవాలను ఊరివాళ్ళే పూడ్చారు. ఆ శ్మశానం గోడ ఇంకా ఉంది, ఇంగ్లీషువాళ్ళ శ్మశానం అని పేరు. లోపల గడ్డి, గాలి. చుట్టుపక్కల ఇల్లన్నది లేదు.

అక్కణ్ణుంచి కమెలె అనే ఊరు. ఇక్కడికి 1962లో మాన్‌ఫ్రెడ్ గ్నేడింగర్ అనే జర్మన్ వచ్చాడు. ఇక వెళ్ళలేదు. గోచీ తప్ప ఒంటి మీద గుడ్డ ఉండేది కాదు, ఎముకలు కొరికే చలిలోనూ. సముద్రం ఒడ్డునే చిన్న గది కట్టుకుని, గుండ్రాళ్ళు, కొయ్యలు, తిమింగలం ఎముకలు పేర్చి శిల్పాలు చేశాడు. చూడవచ్చినవాళ్ళకు చిన్న నోటుబుక్కు ఇచ్చి బొమ్మ వేయమనేవాడు. ప్రెస్టీజ్ నూనె వచ్చి ఆ శిల్పాలను నల్లగా కప్పేసింది. ఆ నూనెను తుడవద్దన్నాడు, అలాగే ఉండనివ్వమన్నాడు. 2002 డిసెంబర్ 28న, ఓడ మునిగిన ముప్పై తొమ్మిది రోజులకు, తన గదిలోనే చనిపోయాడు. దిగులుతో పోయాడని ఊరు నమ్ముతుంది. కొన్ని రాళ్ళు మిగిలాయి, కొన్నిటిని తరవాతి తుఫాన్లు తీసుకుపోయాయి.

చీలిన నాలుగు వందల టన్నుల బండ చెప్పలేనిది ఈ గుండ్రాళ్ళ కుప్ప చెప్పింది. అసలు స్మారకం ఇదే అని నా లెక్క.

అక్టోబర్ 16

సాయంత్రం రేవులో వేలం. మన హార్బర్లలో పాట కింద నుంచి పైకి పోతుంది, గొంతు ఉన్నవాడిదే రాజ్యం. గలీసియా రేవుల్లో తిరగేసి. ధర పై నుంచి దిగుతూ వస్తుంది, ముందు ఆపినవాడిది సరుకు. అరుపుల్లేవు. అందరూ జేబులో చెయ్యి పెట్టుకుని, పక్కవాడు ఎప్పుడు ఆపుతాడో అని ఓరచూపు చూసుకుంటూ నిలబడతారు. ఆక్టోపస్, నల్ల పీతలు, రెండు పెట్టెల కోంగ్రియో.

గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు వల బాగుచేస్తున్నారు. యాత్రికుల గుంపు ఒకటి వచ్చి, 'ది వే' సినిమా చివర్లో వచ్చే సముద్రం దృశ్యం తీసింది ఏ రాళ్ళ మీద అని వాళ్ళనే అడిగింది. 2010 నాటి సినిమా, కొడుకు బూడిదను తండ్రి ఇక్కడే సముద్రంలో కలుపుతాడు. ఒకామె తలెత్తకుండా సూదితోనే గుడి వైపు చూపించింది.

ఇక్కడికి వచ్చేవాళ్ళందరం ఏదో ఒకటి ముగిద్దామని వస్తాం. యాత్రో, దుఃఖమో, ఉద్యోగమో. ఊరివాళ్ళకు ముగింపుల మీద ఆసక్తి ఉన్నట్టు లేదు. కప్పు కాలితే వేస్తారు, రాయి విరిగితే అతికిస్తారు, వల తెగితే ముడేస్తారు. అడిగినవాళ్ళకు దారి చూపిస్తారు.

అక్టోబర్ 17

ఆశ్వయుజ పౌర్ణమి. పోటు ఎంత పైకి వస్తుందో పాటు అంత కిందికి పోయింది. ఎప్పుడూ మునిగి ఉండే రాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద నల్ల రబ్బరు సూట్లతో ఇద్దరు. పెర్సేబెస్ తీసేవాళ్ళు.

పెర్సేబెస్ అంటే అలలు విరిగే చోట మాత్రమే రాతికి అంటుకుని పెరిగే ఒక రకం సముద్రజీవి. ఒకడు రాతి మీద దిగి గీకుడు కత్తితో గుత్తులు లేపుతాడు. రెండోవాడి పని వేరు. అతను రాయిని చూడడు, సముద్రాన్నే చూస్తుంటాడు. పెద్ద అల లేవగానే కేక. కిందివాడు పైకి ఎగబాకుతాడు, అల రాయిని మింగి వెనక్కి పోతుంది, మళ్ళీ దిగుతాడు. నేను చూసినంతసేపూ కేక వేసినవాడు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. లైసెన్సు ఉండాలి, రోజుకు ఇన్ని కిలోలే తీయాలని కట్టడి. అయినా ఈ తీరంలో ఈ పనికి పోయి తిరిగి రానివాళ్ళు ఉన్నారు. క్రిస్మస్ ముందు మంచి సరుకు కిలో వంద యూరోలు దాటుతుంది.

రాత్రి చిన్న ప్లేటు తెప్పించుకున్నాను. ఉప్పునీళ్ళు మరిగాక వేసి, మళ్ళీ మరగగానే తీసేస్తారు, అంతే వంట. చూడ్డానికి చిన్న రాక్షసి కాలివేలు. గోరుతో తోలు దగ్గర నొక్కి మెలితిప్పాలి. మొదటిది ఎదురుగా కూర్చున్న బావ చొక్కా మీద చిమ్మింది. "సముద్రపు నీళ్ళేగా" అన్నాను. "రేపు బస్సులో పక్కనెవరు కూర్చుంటారో వాళ్ళకి చెప్పు" అన్నారు. రుచి అంటే సముద్రమే, నమలడానికి వీలుగా. ధరకు తగ్గ రుచా అని అడిగితే, కాదంటాను. ఆ రాళ్ళ మీద నిలబడినవాడికి ఇచ్చే కూలి అనుకుంటే తక్కువే.

అక్టోబర్ 18

బావ నడుం తగ్గలేదు. పెరగనూ లేదు. రాయికి పాసు మార్కులు వేశారు.

నడవదలచుకున్న మనవాళ్ళకు రెండు మాటలు. ఫిస్తెర్రాకు ముందు వెళ్ళి, అక్కణ్ణుంచి ముషీయాకు నడవండి. ఫొటోల గోల ముందే తీరిపోతుంది. లీరెస్‌లో ముద్ర మర్చిపోవద్దు. పడవ మాత జాతర సెప్టెంబర్‌లో. అప్పుడు ఊళ్ళో గది దొరకదు, ప్రశాంతత అసలే దొరకదు. అక్టోబర్ మేలు, గాలికి సిద్ధపడి రండి, గొడుగు ఇంట్లోనే వదిలేయండి. అన్నిటికన్నా ముందు, సాంతియాగోకు తిరుగు బస్సు ఎన్ని గంటలకో ఊళ్ళో అడుగుపెట్టగానే కనుక్కోండి. రోజుకు ఉండేవే కొన్ని, సెలవు రోజుల్లో ఇంకా తక్కువ.